రామన్నపేట స్టేషన్‌ను బల్ల మీద కట్టాలంటే

మా మర్రిగూడకు రైలు లేదు. చిన్నప్పుడు నాయనతో బండి కోసం కూర్చున్న రామన్నపేట స్టేషన్‌నే, బీబీనగర్–నడికుడి లైన్‌లోది, ఇంట్లో కడుతున్నా. స్కేలు 1:87. లెక్క మొదలుపెట్టగానే కష్టమొచ్చింది. సుమారు 700 మీటర్ల లూప్‌లైన్ ఈ స్కేల్లోనూ 8 మీటర్లు. నా గది 3 మీటర్లే! అందుకే పట్టా కాదు, బండిని ముందు కొలవండి. ఒక్కో బోగీ 24.5 సెంటీమీటర్లు. నాలుగు బోగీలు, ఇంజను కలిపి మీటరుంబావు. లూప్ మీటరున్నర చాలు. స్టేషన్ దాటిన బండి దాక్కోవడానికి రెండో గోడ వెంబడి ఇంకో పట్టా కావాలె. చాలామంది మరిచేది ఇదే. మన బ్రాడ్‌గేజ్‌కు 19.3 మిల్లీమీటర్లు రావాలి, దొరికే పట్టా 16.5. చూసేటోళ్లకు తెలియదులెండి, నాకు తెలుసు. బల్ల ఎత్తు 110 సెంటీమీటర్లు పెట్టిన. నాయన ఇప్పుడు నిలబడలేరు, కుర్చీలో కూర్చుంటే బండి కండ్ల ముందే రావాలె. వచ్చే ఎపిసోడ్‌లో పాయింట్లు బిగిద్దాం.