శివారుకూ అదే వేగం

కాలువ నీటికి వంతు కోసం ఎదురుచూసిన దివిసీమ రైతుకు 'శివారు' అన్న మాట విడమరచి చెప్పక్కర్లేదు. నెట్ నెమ్మదించినా 'మనది చివరి ఊరు కదా' అని సరిపెట్టుకుంటున్నాం. రాగితీగ రోజుల్లో అది నిజం. ఫైబర్ వచ్చాక ఆ మాట చెల్లదు.

టెలిఫోన్ తీగ మీద వచ్చే ఏడీఎస్ఎల్2 ప్లస్ గరిష్ఠ వేగం సెకనుకు 24 మెగాబిట్లు. అదీ ఎక్స్ఛేంజి పక్కింటికే. 5 కిలోమీటర్లు దాటితే ఒకటో రెండో దక్కేవి. ఉప్పుగాలికి జాయింట్లు చిలుమెక్కితే అవీ లేవు. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగాన్ని కేంద్రం 2023 జనవరిలో 512 కిలోబిట్ల నుంచి 2 మెగాబిట్లకు పెంచింది. దూరపు రాగితీగకు ఆ గీత కూడా కష్టమే.

ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. విజయవాడ నుంచి మచిలీపట్నం 70 కిలోమీటర్లు. ఆ దూరం కాంతికి సెకనులో మూడువేలో వంతు ప్రయాణం. ఆపరేటర్ పరికరం అవనిగడ్డలో ఉన్నా కోడూరు, నాగాయలంక ఇళ్లకు అందుతుంది, 20 కిలోమీటర్ల దాకా ఇబ్బంది లేదు.

అసలు ఖర్చు వేరేచోట ఉంది. ఇళ్లలో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో సిగ్నల్ మామూలుగా 28 డెసిబెళ్ల దాకా బలహీనపడవచ్చు. 20 కిలోమీటర్ల ఫైబర్ మహా అయితే 7 తింటుంది. ఒక పోగును 32 ఇళ్లకు చీల్చే స్ప్లిటర్ ఒక్కటే 17 తింటుంది! మిగిలేది 4. గాలివానకు తెగితే హడావుడిగా వేసిన జాయింట్లు, మురికి కనెక్టర్లు, గోడ మూల దగ్గర గట్టిగా వంచిన వైరు ఆ నాలుగునూ మింగేస్తాయి. హద్దు దాటేదాకా వేగం బాగానే ఉంటుంది, తర్వాత తడబడి ఎర్ర లైటు వెలుగుతుంది. టెక్నీషియన్ వస్తే పవర్ ఎంత చూపిస్తోందో అడగండి. మైనస్ 20 అయితే హాయి, మైనస్ 27 అయితే అంచున ఉన్నట్టే.

ఇక పంపకం. ఆ ఒక్క పోగులో సెకనుకు వచ్చేది 2,488 మెగాబిట్లు. 32 ఇళ్లూ ఒకేసారి లాగితే తలకు 78 కూడా రావు. అందరూ ఒకే క్షణంలో లాగరు కాబట్టి 100 మెగాబిట్ల ప్లాన్ నడుస్తుంది. ఆపరేటర్ పైనుంచి కొన్న బ్యాండ్‌విడ్త్ చాలకపోతే మాత్రం రాత్రి ఎనిమిదింటికి తెలిసిపోతుంది.

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ జాతికి అంకితం చేసిన ఏపీ ఫైబర్ 149 రూపాయలకు 15 మెగాబిట్లు ఇచ్చింది. తీగను కరెంటు స్తంభాల మీదే లాగారు. పల్లెలకు త్వరగా చేరడానికి కారణం అదే. తుపానుకు స్తంభం ఒరిగితే కరెంటుతోపాటు నెట్ పోవడానికీ అదే.

ఇక ఇంటి లోపలి వైఫై. గుడివాడ సందుల్లాంటి చోట్ల ఇల్లిల్లూ ఆనుకుని ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు మూడే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటెక్కువ, గోడలు దాటే సత్తా తక్కువ. అందుకే ముందు రౌటర్‌కు కేబుల్ తగిలించి ల్యాప్‌టాప్‌లో కొలవండి. 200 ప్లాన్‌లో సరిగ్గా 94 దగ్గర ఆగితే ఏదో ఒక పోర్టు 100 మెగాబిట్లదే అయ్యుండాలి, లేదా కేబుల్‌లో ఎనిమిది తీగలకు నాలుగే పనిచేస్తూ ఉండాలి. అది కాదంటే తెల్లారి ఆరింటికోసారి, రాత్రి ఎనిమిదింటికోసారి కొలిచి, ఆ రెండంకెలూ ఆపరేటర్ ముందు పెట్టండి.