జపాను ల్యాప్‌టాపుకు తెలుగు వస్తుందా?

మీ బాబాయి జపానులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి తిరిగి వస్తూ, తాను వాడిన పాత ల్యాప్‌టాపును మీకు ఇచ్చాడనుకోండి. ఆత్రంగా మూత తెరిచి స్విచ్చి నొక్కారు. తెర వెలిగింది. కాని తెరమీద ఏముంది? అన్నీ గీతలు! కొన్ని అడ్డంగా, కొన్ని నిలువుగా, కొన్ని వంకర టింకరగా. కీబోర్డు చూస్తే అక్కడా అంతే. ఒక్కో మీటమీద ఇంగ్లీషు అక్షరం, దాని పక్కనే మరో వింత అక్షరం. "ఇది మనకు పనికిరాదులే, పక్కన పెట్టండి" అంటారు ఇంట్లోవాళ్ళు.

తొందరపడకండి. ముందుగా ఒక ప్రశ్న వేసుకుందాం. ఆ యంత్రంలో జపాను భాష ఎక్కడ ఉంది?

మీటలమీద ఉంది కదా అంటారు మీరు. నిజమే, కాని అది ఉత్త రంగు పూత! మీటకు తనమీద ఏ అక్షరం రాసి ఉందో తెలియదు. మీటల కింద సన్నని వాహక మార్గాలు అడ్డంగా, నిలువుగా గళ్ళలాగా ఉంటాయి. మీరొక మీట నొక్కగానే ఒక అడ్డదారికీ ఒక నిలువుదారికీ కలయిక ఏర్పడుతుంది. ఒక చిన్న చిప్పు ఆ గడి ఏదో కనిపెట్టి, దానికి సంబంధించిన సంఖ్యను పైకి పంపుతుంది. చాలా ల్యాప్‌టాపుల్లో 'పి' మీట నొక్కితే వెళ్ళే సంఖ్య 25. దాని కుడిపక్క మీటకు 26. అమెరికాలో తయారైనా, జపానులో తయారైనా అదే 26.

మరి ఆ 26 ను అక్షరంగా మార్చేదెవరు? ఆపరేటింగ్ సిస్టం, అంటే కంప్యూటరు పనులన్నింటినీ నడిపించే నిర్వాహక వ్యవస్థ. దాని దగ్గర ఒక పట్టిక ఉంటుంది. మీ తరగతి హాజరు పట్టీని గుర్తు తెచ్చుకోండి. మీ బడిలో 26 అని పిలిస్తే రాజు లేచి నిలబడతాడు. పక్క ఊరి బడిలో అదే 26 అంటే లక్ష్మి లేస్తుంది. అలాగే అమెరికా పట్టికలో 26 అంటే [ గుర్తు. జపాను పట్టికలో 26 అంటే @ గుర్తు.

కనుక జపాను భాషలో ఎక్కువ భాగం ఉన్నది డిస్కుమీద, ఆపరేటింగ్ సిస్టంలో. దాన్ని తీసి మరొకటి ఎక్కిస్తే యంత్రం భాష మారుతుంది.

ఇక ఎక్కించడం ఎలాగో చూద్దాం. పనిచేస్తున్న మరో కంప్యూటరులో ఒక పెన్‌డ్రైవుమీద కొత్త సిస్టంను తయారు చేసుకోవాలి. ల్యాప్‌టాపు స్విచ్చి వేయగానే, డిస్కు జోలికి పోకముందే, బోర్డుమీది ఒక చిప్పులో ఉన్న చిన్న ప్రోగ్రాము మేలుకుంటుంది. సిస్టం ఎక్కడుందో వెతికేది అదే. సరిగ్గా ఆ క్షణంలో ఎఫ్2, ఎఫ్12, ఎస్కేప్ వంటి ఒక మీట నొక్కి, "డిస్కు వద్దు, పెన్‌డ్రైవు చూడు" అని చెప్పాలి. ఏ మీట అన్నది తయారీదారును బట్టి మారుతుంది. ఈ చిన్న ప్రోగ్రాము చాలా యంత్రాల్లో ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. మన అదృష్టం!

లినక్సు రకాలు కొన్నింటిని డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడవచ్చు. ముందు అలా చూడటమే మంచిది. ఎందుకంటే తరువాతి మెట్టు ప్రమాదకరమైనది. డిస్కును చెరిపివేయాలా అని సిస్టం అడుగుతుంది. అవునన్నారా, బాబాయి జపానులో తీసుకున్న ఫోటోలన్నీ పోతాయి. వాటిని ముందే వేరేచోట దాచుకోవాలి. దానికి పాత జపాను విండోస్‌లోనే తిరగాలి కదా, చదవడమెలా? ఒక కిటుకు ఉంది. అక్కడ ప్రశ్నల కింద ఉండే బొత్తాలమీద జపాను మాట పక్కనే, చాలాచోట్ల ఒక ఇంగ్లీషు అక్షరం కూడా బ్రాకెట్టులో ఉంటుంది. 'వై' ఉంటే అవును, 'ఎన్' ఉంటే కాదు. ఆ పూట పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి.

సరే, కొత్త సిస్టం ఎక్కడం మొదలైంది. మొదటి ప్రశ్న: ఏ భాష? ఈ జాబితాలో ఒక్కో భాష పేరూ దాని సొంత లిపిలో ఉంటుంది. జపాను చదవలేనివాడు జపాను లిపిలో "తెలుగు" అని రాసి ఉంటే ఎలా గుర్తిస్తాడు? డెబియన్ అనే లినక్సులో ఈ జాబితాలో తెలుగు ఉంది. కాని బొమ్మల తెరతో నడిచే పద్ధతిలోనే అది కనిపిస్తుంది, ఉత్త అక్షరాల తెరలో కనిపించదు. ఇదేమి వివక్ష అనుకోకండి. అక్షరాల తెర గళ్ళ కాగితం వంటిది. ఇంగ్లీషులో గడికొక అక్షరం చొప్పున సరిపోతుంది. మన "స్త్రీ" సంగతి చూడండి. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి. కంప్యూటరు జ్ఞాపకంలో ఇవి 6 వేర్వేరు సంకేతాలు. తెరమీద మాత్రం ఒకటి కింద, ఒకటి పైన, ఒకటి పక్కన చేరి ఒకే రూపం కావాలి. ఆ పేర్పు పనికి గళ్ళ తెర చాలదు.

రెండవ ప్రశ్న: ఏ కీబోర్డు? చాలామంది ఇక్కడ ఆలోచించకుండా "అమెరికా" అనేస్తారు. అక్షరాలు, అంకెలు సరిగ్గానే పడతాయి, ఎందుకంటే జపాను కీబోర్డులో వాటి చోట్లు అవే. చిక్కంతా గుర్తులతోనే. మీరు రహస్యపదంలో @ పెట్టాలనుకుని, ఆ గుర్తు రాసి ఉన్న మీట నొక్కారు. లోపల పడింది [ గుర్తు. తెరమీద చుక్కలే కనుక మీకు తెలియదు. విచిత్రమేమంటే తాళం రోజూ తెరుచుకుంటూనే ఉంటుంది! రోజూ అదే మీట, అదే తప్పు గుర్తు. ఒకనాడు ఎవరో కీబోర్డును "జపాను" అని సరిచేశారు. మరునాడు మీ రహస్యపదం పనిచేయదు. డిస్కునంతా ఆ పదంతోనే రహస్య లిపిలోకి మార్చి ఉంటే, సరైన పదం దొరికేదాకా లోపలిదేదీ చదవలేరు. అందుకే రహస్యపదాన్ని పెట్టేముందు, పేరు రాసే గడివంటి కనబడే చోట ఒకసారి కొట్టి చూసి చెరిపేయాలి. ఫ్రాన్సు కీబోర్డయితే ఇంకా జాగ్రత్త! అక్కడ 'క్యూ' ఉండవలసిన చోట 'ఎ' ఉంటుంది, అంకెలకు షిఫ్టు నొక్కాలి.

జపాను యంత్రాల్లో మరో తమాషా. వెనక్కి వాలిన గీత గుర్తుకు కంప్యూటరు సంకేతం 92. 1969లో జపాను తన ప్రమాణం తయారు చేసుకున్నప్పుడు ఆ సంఖ్యను తమ నాణెం యెన్ గుర్తుకు ఇచ్చుకుంది. దాని ఫలితంగా జపాను విండోస్‌లో ఫైళ్ళ చిరునామాల మధ్య గీతకు బదులు డబ్బు గుర్తు కనిపిస్తుంది!

స్పేస్ మీటకు అటూ ఇటూ మనకు తెలియని మీటలు కొన్ని ఉంటాయి. ధ్వనిని రాసే లిపి నుంచి చీనా లిపి గుర్తులకు మారడానికి జపాను వాళ్ళు వాటిని వాడతారు. కొత్త సిస్టంలోనూ అవి సంఖ్యలు పంపుతూనే ఉంటాయి, అందుకునేవాడే ఉండడు. వాటిలో ఒకదానికి "తెలుగు, ఇంగ్లీషు మార్చు" అనే పని అప్పగించుకోవచ్చు.

అప్పుడు ఇన్‌స్క్రిప్టు పట్టికను ఎంచుకోండి. 1991 నాటి భారత ప్రమాణంలో ఉన్న అమరిక అది. 'కె' మీట నొక్కండి. ఆ మీటమీద ఇంగ్లీషు 'కె', దాని పక్కన జపాను 'నో' అక్షరం ముద్రించి ఉంటాయి. మీట మాత్రం 37 అని పంపి ఊరుకుంటుంది. తెరమీద 'క' పడుతుంది.