టైటన్ ఎందుకు నలిగిపోయింది? కార్బన్ ఫైబర్ అసలు సంగతి

చాలామంది కామెంట్స్‌లో ఒకటే అడుగుతున్నారు: "అన్నా, విమానాలకి పనికొచ్చే కార్బన్ ఫైబర్ టైటన్‌కి ఎందుకు పనికిరాలేదు?" మంచి ప్రశ్న. ఈరోజు అదే చూద్దాం.

2023 జూన్ 18న టైటానిక్ శిథిలాలు చూడ్డానికి అట్లాంటిక్‌లో దిగిన టైటన్ సబ్‌మెర్సిబుల్ ఒక్క క్షణంలో లోపలికి నలిగిపోయింది. అందులోని ఐదుగురూ చనిపోయారు. టైటానిక్ దాదాపు 3,800 మీటర్ల లోతులో ఉంది. అక్కడ మీ గోరంత చోటు మీద, అంటే ఒక చదరపు సెంటీమీటరు మీద, సుమారు 390 కిలోల బరువు పడుతుంది!

కార్బన్ ఫైబర్ అంటే వెంట్రుక కన్నా సన్నటి పోగులు. వాటిని రెసిన్ అనే జిగురుతో అతికిస్తారు. ఒక తాడు తీసుకోండి. లాగితే గట్టిగా నిలబడుతుంది. రెండు చివర్ల నుంచి లోపలికి నెడితే? వంగిపోతుంది. ఈ పోగులూ అంతే. విమానంలో లోపలి గాలి బయటికి నెడుతుంది కాబట్టి పోగులు సాగుతాయి, అది వాటికి నచ్చిన పని. సముద్రంలో రివర్స్. నీళ్లు బయటి నుంచి నొక్కుతాయి. అప్పుడు పోగులు వంగకుండా పట్టుకోవాల్సింది ఆ జిగురే.

టైటన్‌లో మనుషులు కూర్చునే గొట్టాన్ని పొర మీద పొర చుట్టి, 5 అంగుళాల మందంతో చేశారు. పొరల మధ్య ఎక్కడైనా లోపం ఉంటే, దిగిన ప్రతిసారీ అది ఇంకొంచెం పెరగొచ్చు. పైకి చూస్తే ఏమీ కనబడదు.

నాకు బాగా బాధేసేది ఇక్కడే. 2022 జులైలో 80వ డైవ్ నుంచి పైకి వస్తుంటే పెద్ద చప్పుడు వినిపించింది. ఆ తర్వాత సెన్సర్ల లెక్కలు కూడా మారాయి. అప్పటికే పొరలు విడిపోయాయని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. అయినా ఓషన్‌గేట్ కంపెనీ దాన్ని మళ్లీ నీళ్లలోకి దింపింది. అంతకుముందు 2018లోనే, మొదటి గొట్టాన్ని స్కాన్ చేయాలని రాసిచ్చిన ఉద్యోగి డేవిడ్ లాక్రిడ్జ్‌ని పనిలోంచి తీసేసింది.

మన సముద్రయాన్ సంగతి చూడండి. ముగ్గుర్ని 6,000 మీటర్లకి పంపడానికి చెన్నైలోని ఎన్‌ఐఓటీ సిద్ధం చేస్తున్న మత్స్య-6000లో మనుషులు కూర్చునేది టైటానియం మిశ్రమ లోహపు గోళంలో. గోళం అయితే ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పంచుకుంటుంది.

కొత్త మెటీరియల్ వాడటం తప్పేం కాదు ఫ్రెండ్స్. కానీ అది చప్పుడు చేసి మరీ చెప్తుంటే, ఆగి లోపల ఏమైందో చూడాలి. ఆ ఐదుగురి ప్రాణాలు పోయింది అక్కడే. మీ డౌట్స్ కామెంట్‌లో పెట్టండి, మళ్లీ కలుద్దాం.