గుర్రప్పందెం చెప్పే పని



మా పీజీ హాస్టల్ గదిలో ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుండి వచ్చిన ఒక చెల్లెలు ఉంది. జర్నలిజం చదువుతోంది. చదువయ్యాక ఏం చేస్తావని అడిగితే "గుర్రప్పందేల విలేకరినవుతాను" అంటుంది. మొదట మేమందరం నవ్వాము. నంద్యాలలో పెళ్లి ఊరేగింపులో తప్ప గుర్రాన్ని చూడనివాళ్లం మరి! ఆమె మాత్రం నవ్వలేదు. తరువాత ఆమె చెప్పగా, మేము చదవగా తెలిసినదే ఇక్కడ రాస్తున్నాము.

పందెపు గుర్రాల జాతిని థరోబ్రెడ్ అంటారు. దాదాపు 300 ఏళ్ల క్రితం ఇంగ్లండుకు చేరిన మూడు మగ గుర్రాల దగ్గరకు ఈ జాతి తండ్రివైపు వంశం వెళ్లి కలుస్తుంది. మనకు దగ్గరలో ఈ పందేలు హైదరాబాదు మలక్‌పేటలో జరుగుతాయి.

పందేనికి ముందు ఒక పట్టిక అచ్చు వేస్తారు. గుర్రం వయసు, అది మోయవలసిన బరువు, గత పందేలలో వచ్చిన స్థానాలు అందులో ఉంటాయి. హ్యాండిక్యాప్ పందెంలో మంచి గుర్రానికి ఎక్కువ బరువు పెడతారు. విలేకరి ఈ పట్టిక చదివి, పరుగుకు ముందు గుర్రాన్ని నడిపించేటప్పుడు దాని నడక, చెమట, చెవులు చూసి అంచనా రాయాలి. వ్యాఖ్యాత పని ఇంకా కష్టం. జాకీల చొక్కా రంగులను బట్టి పది పదిహేను గుర్రాల పేర్లు కంఠస్థం చేయాలి. 1,200 మీటర్ల పందెం సుమారు 70 సెకన్లలో అయిపోతుంది. ఆ కాసేపట్లో తడబడితే దిద్దుకునే సమయం ఉండదు.

ఇదంతా వింటే మాకు మన బండలాగుడు పోటీలు గుర్తుకు వచ్చాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అని ఎద్దులను పంటిని బట్టి విభాగాలు చేస్తారు కదా. మైకు పట్టిన పెద్దాయన ఆ జత ఎవరిది, ఏ ఊరిది, పోయిన తిరునాళ్లలో ఎన్ని అడుగులు లాగింది, అన్నీ కాగితం లేకుండా చెబుతాడు. ఆయన ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. అయితే ఆ మైకు ఆడమనిషి చేతిలో మేమెప్పుడూ చూడలేదు.

వేరే దేశాలలో చూశారు. ఇంగ్లండులో క్లేర్ బాల్డింగ్ బీబీసీలో ఏళ్ల తరబడి పందేల కార్యక్రమాలు నడిపింది. అమెరికాలో డోనా బ్రదర్స్ వెయ్యికి పైగా పందేలు గెలిచిన జాకీ. 1998లో స్వారీ మాని, తరువాత టీవీలో చేరి, గుర్రం మీద కూర్చునే గెలిచిన జాకీని ప్రశ్నలు అడిగేది. మన దేశంలో తొలి మహిళా జాకీగా పేరు పొందినది చెన్నైకి చెందిన రూపా సింగ్.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. క్లేర్ నాన్న పేరున్న గుర్రాల శిక్షకుడు, డోనా అమ్మ జాకీ. గుర్రాల మధ్యనే పెరిగారు. మా చెల్లెలు కూడా పశువుల మధ్యనే పెరిగింది, కానీ అవి వాళ్లవి కావు. వాళ్ల నాన్న జీతగాడు. పెద్దరైతు పోటీ ఎద్దులకు మేత వేసి, కడిగి, కాలు వాస్తే రాత్రంతా పక్కన కూర్చునేవాడు. బహుమతి పుచ్చుకునేటప్పుడు మైకులో రైతు పేరు చెప్పేవారు. గుర్రాలను కనిపెట్టుకునే సైసుల పేర్లు కూడా పేపర్లో రాస్తానని ఆమె అంటుంది. మాకు నచ్చినది ఆ మాటే.

పందేలంటే బెట్టింగే గదా అని మీరు అనవచ్చు. నిజమే, ఆ డబ్బు మీదే పందేలు నడుస్తాయి. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా దానివల్ల ఇళ్లు గుల్లయిన సంగతి ఎవరూ కాదనలేరు. ఏది గెలుస్తుందో చెప్పమని మేము సరదాగా అడిగితే, "పందెం కాసేవాళ్లకు చెప్పను, చదివేవాళ్లకు చెబుతాను" అని కసిరింది.

వచ్చే తిరునాళ్లలో ఒక్క జతకైనా మైకు ఇమ్మని ఊరి పెద్దలను అడుగుతుందట. ఇంటికి ఫోన్ చేసి చెప్పింది. వాళ్ల నాన్న సరేననలేదు, వద్దనీ అనలేదు. ఏ జతకు చెబుతావమ్మా అని మాత్రం అడిగాడు.