"ఎక్కడ మొదలెట్టాలక్కా?"

మా పక్కింట్లోకి ఈమధ్యే కాపురానికొచ్చిన అమ్మాయి ఓ సాయంత్రం వారపత్రిక పట్టుకుని వచ్చింది. "ఈ కథ మీరే రాశారటగా! ఇంకా ఏమైనా రాశారా అక్కా?" అంది. రాసేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి! పొంగిపోయి, పన్నెండేళ్ళుగా దాచుకున్న పత్రికలన్నీ రెండు సంచుల్లో కుక్కి ఇచ్చాను. పది రోజులకి రెండు సంచులూ అలాగే తిరిగొచ్చాయి. "ఏమీ అనుకోకండక్కా. ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు" అంది మొహమాటంగా.

నా మనసు చివుక్కుమంది. మా అత్తయ్యగారు మాత్రం నవ్వారు. "భోజనానికొచ్చిన పిల్లకి విస్తరి వేయకుండా వంటిల్లంతా అప్పజెప్పావు. ఏం తింటుంది?" అన్నారు.

అనే హక్కు ఆవిడకుంది. డెబ్భైల్లో, ఎనభైల్లో వచ్చిన సీరియళ్ళని వారం వారం చింపి, వరసగా పేర్చి, బైండు చేయించి ట్రంకుపెట్టెలో దాచారు. వీధిలో ఆడవాళ్ళకి అదే లైబ్రరీ. ఎవరొచ్చినా ఒక్క పుస్తకమే ఇచ్చేవారట. "ఇది చదివి రా. నచ్చితే ఇంకోటి చెబుతా" అనేవారట.

ఆ పెట్టెనే మొన్న దసరాకి ఇల్లు దులుపుతూ పాత పేపర్లతో పాటు తూకానికి వేసేద్దామనుకున్నాం. అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు. మంచం మీద అటు తిరిగి పడుకున్నారు. అది చూసి నేనే వద్దన్నాను. ఇప్పుడావిడకి అక్షరాలు ఆనడం లేదు. ఏ బైండులో ఏముందో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. రేపు అడగడానికి ఆవిడ లేకపోతే?

దారి లేక మరుగున పడితే...

తొలి తెలుగు కథ ఏదంటే గురజాడవారి "దిద్దుబాటు" అనే మనలో చాలామంది చదువుకున్నాం. అది 1910లో వచ్చింది. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1902లో, భండారు అచ్చమాంబ రాసిన "ధనత్రయోదశి" హిందూసుందరి పత్రికలో అచ్చయింది. కథ ఎక్కడికీ పోలేదు. పాత సంచికల్లోనే ఉంది. అక్కడికి దారి చూపేవాళ్ళే కరువయ్యారు. పరిశోధకులు పాత సంచికలు తిరగేసి చూపించాక, ఇప్పుడు దాన్నే తొలి కథ అనేవాళ్ళు చాలామంది ఉన్నారు.

దారి చూపడం పెద్ద విద్యేమీ కాదు. సీరియల్ మొదట్లో "జరిగిన కథ" అని నాలుగు ముక్కలు వేసేవారు, గుర్తుందా? పదో వారం చదవడం మొదలెట్టినవాళ్ళు కూడా ఇట్టే కలిసిపోయేవారు. మాలతీ చందూర్‌గారు స్వాతి మాసపత్రికలో "పాత కెరటాలు" శీర్షికతో చేసిందీ అలాంటి పనే. ఇంగ్లీషు నవలల్ని తేట తెలుగులో, కొద్ది పేజీల్లో పరిచయం చేశారు. ఆ పుస్తకాలు జన్మలో ముట్టుకోని ఇల్లాళ్ళు కూడా వాటి గురించి మాట్లాడుకున్నారు.

మేమేం చేశామంటే...

రోజూ సాయంత్రం అత్తయ్యగారు చెబుతుంటే నేను రాశాను. మీకూ పనికొస్తుందేమో చూడండి.

* ప్రతి బైండు మొదట్లో ఓ తెల్లకాగితం అంటించి కథ పేరు, రచయిత పేరు, పత్రిక, తేదీ రాయండి. చింపేటప్పుడు తేదీ ఉన్న అంచు పోతుంది, జాగ్రత్త.

* పక్కనే అదేమిటో ఒక్క వాక్యం రాయండి. "ఉద్యోగం మానెయ్యమంటే మానని కోడలు" అని ఉంటే చాలు, చెయ్యి దానంతటదే పేజీ తిప్పుతుంది.

* సంవత్సరాల వరస మనకి ముఖ్యం. చదివేవాళ్ళకి సంగతి ముఖ్యం. అందుకని పెళ్ళిచూపులు, పిల్లల పెంపకం, అత్తాకోడళ్ళు అంటూ విడగొట్టి మరో జాబితా రాసుకోండి.

* కథ అయిపోయిన చోట పెన్సిల్‌తో "ఇది నచ్చితే ఫలానా బైండులో ఫలానాది చూడండి" అని రాయండి.

* చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి. కొన్నాళ్ళకి పసుపుపచ్చగా మారి అక్షరాలని పాడుచేస్తుంది. గుండుసూదులు తుప్పు పడతాయి, తీసెయ్యండి. మరీ పెళుసెక్కిన పేజీలుంటే సెల్‌ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి.

ఇంట్లో బైండు పుస్తకాలు లేవంటారా? అమ్మ వంటల నోటుబుక్కు, నాన్నగారి ఉత్తరాల కట్ట ఉన్నా ఇదే పద్ధతి.

పక్కింటమ్మాయికి ఈసారి ఒక్క కథే ఇచ్చాను, కొత్త కాపురం మీద రాసింది. రెండోనాడే వచ్చేసింది. "ఇలాంటిదే ఇంకోటి ఉందా అక్కా?" అంది. నేను నోరు విప్పేలోగా లోపల్నించి అత్తయ్యగారి గొంతు, "ఎర్రట్ట బైండులో మూడోది ఇవ్వమ్మాయ్!"

ఎర్రట్ట బైండు అంటే ఆవిడది, నాది కాదు. అయితేనేం? పెట్టె మూత మళ్ళీ తెరిచాం. మీ ఇంట్లోనూ అటక మీద అలాంటి పెట్టె ఉండే ఉంటుంది. అందులో ఏముందో చెప్పగలిగిన మనిషి ఉండగానే కిందికి దించండి!