నలుపే కదా అనుకోకండి!

ఎర్రంచు నల్ల పట్టుచీర మీదికి జాకెట్టు ముక్క కోసం మొన్న మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లాం. "నలుపే కదా వదినా! ఏదో ఒకటి చింపించెయ్" అంది మా ఆడపడుచు. ట్యూబ్‌లైటు కింద అతికినట్టు సరిపోయిన ముక్క వీధిలోకి తెచ్చి చూస్తే బూడిదరంగులో వెలవెలబోయింది. రెండోది కాస్త ఎరుపు కొట్టింది. చివరికి షాపతను ఓ వెల్వెట్ ముక్క తీసి పరిచాడు. దాని పక్కన అసలు నా చీరే నలుపు కాదనిపించింది!

నలుపులో ఇన్ని తేడాలున్నాయని మనకి బట్టల కొట్లో తెలుస్తుంది. ఉపగ్రహాలకీ, అంతరిక్ష టెలిస్కోపులకీ కెమెరాలు తయారుచేసే ఇంజనీర్లకి మాత్రం ఇది ఎప్పుడూ ఉండే తలనొప్పే. నలుపుకి వాళ్లు పెట్టే పరీక్షల గురించి చదువుతుంటే నాకు ఆ వెల్వెట్ ముక్కే గుర్తొచ్చింది.

వెలుగుతోనే చిక్కు

అసలు కెమెరా లోపల నలుపెందుకు? ఎండలో నిలబడి దూరంగా వస్తున్న బస్సు నంబరు చదవాలంటే చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంటాం కదా! టెలిస్కోపుదీ అదే ఇబ్బంది. అది చూడాల్సింది ఎక్కడో ఉన్న మసక నక్షత్రాన్ని. పక్కనుంచేమో సూర్యుడూ, భూమీ, చంద్రుడూ వెలుగు కుమ్మరిస్తుంటారు. ఆ వెలుగు గొట్టంలోకి దూరి, గోడలకి తగిలి, అటూ ఇటూ గెంతి బొమ్మ మీద పడిందంటే నక్షత్రం కాస్తా అందులో కలిసిపోతుంది. అందుకే గొట్టం లోపల అడ్డుగా వలయాలు పెడతారు. గోడలకీ, వలయాలకీ నల్లటి పూత పూస్తారు. దారితప్పి వచ్చిన వెలుగుని ఆ పూత మింగేయాలి.

ఎంత మింగుతోందో తేల్చడమే మొదటి పరీక్ష. లోపలంతా తెల్లగా పూసిన బోలు గోళం ఒకటుంటుంది. దాని గోడకున్న కంత దగ్గర పూత వేసిన ముక్కని పెట్టి, మీద వెలుగు పడేలా చేస్తారు. ముక్క మీంచి ఏ పక్కకి చెదిరిన వెలుగైనా ఆ తెల్లటి గోడల మధ్యే తిరుగుతుంది. దాన్ని పరికరంతో కొలుస్తారు. మంచి మ్యాట్ నల్లరంగు కూడా పడిన వెలుగులో వందకి నాలుగైదు పాళ్లు వెనక్కి ఇచ్చేస్తుంది. ఏటవాలుగా చూస్తే మరీ మెరుస్తుంది. అందుకని రకరకాల కోణాల్లోనూ కొలుస్తారు.

నల్లగా ఉంటే చాలదు

కొత్తగా రంగేసిన బీరువా తలుపు తీస్తే గుప్పున వాసనొస్తుంది. అంటే రంగులోంచి ఏదో బయటికి పోతోందన్నమాట. గాలి లేని చోట ఇది ఇంకా ఎక్కువ. ఆ పోయిన ఆవిరి, అన్నం గిన్నె మూతకి చెమట పట్టినట్టు, చల్లగా ఉన్న కటకం మీద పేరుకుంటుంది. చూపుని కాపాడాల్సిన పూతే చూపుకి పొర కమ్మిస్తుంది! అందుకే పూతని శూన్యంలో 125 డిగ్రీల సెల్సియస్ వేడిలో 24 గంటలు ఉంచుతారు. 100 గ్రాముల పదార్థమైతే తగ్గే బరువు 1 గ్రాము దాటకూడదు. ఎదురుగా 25 డిగ్రీల దగ్గర ఉంచిన పలక మీద పేరుకునేది 0.1 గ్రాము దాటకూడదు. మామూలుగా పాటించే హద్దులివి.

ఆ తర్వాత వేడికీ చలికీ మార్చి మార్చి గురిచేస్తారు. రాకెట్ కుదుపుల్లాంటి కుదుపులిస్తారు. అంటుకునే టేపు నొక్కి లాగి, పూత ఊడుతుందేమో చూస్తారు. చిన్న పెచ్చు ఊడినా ప్రమాదమే మరి! మన కంట్లో నలుసు పడితే కొంగు నోటి దగ్గర పెట్టుకుని ఊది కాపడం పెట్టుకుంటాం. అక్కడ ఊదే వాళ్లెవరు?

ఇన్ని చేసినా అంతరిక్షం పెట్టే పరీక్ష వేరు. 1984 ఏప్రిల్‌లో అమెరికా రకరకాల పదార్థాలని, రంగులని ఓ పెద్ద ఉపగ్రహానికి అమర్చి పైకి పంపింది. పేరు ఎల్‌డీఈఎఫ్. ఏడాదిలో దింపుదామనుకున్నది 1990 జనవరి దాకా అక్కడే ఉండిపోయింది. కిందికి తెచ్చి చూస్తే, ఆ ఎత్తున ఉండే ఆక్సిజన్ పరమాణువులు కొన్ని రంగుల్లోని జిగురుని తినేశాయి. మిగిలింది పొడి!

వెల్వెట్ రహస్యం

ఇంతకీ వెల్వెట్ అంత నల్లగా ఎందుకుంటుంది? నిలబడి ఉన్న నూలుపోగుల మధ్యకి దూరిన వెలుగు మళ్లీ బయటపడలేదు. అచ్చం అలాంటి పూతనే నాసా గొడార్డ్ కేంద్రం వాళ్లు పెంచారు. ఇనుము పలుచగా పరిచి, 750 డిగ్రీల వేడిలో కార్బన్ ఉన్న వాయువుని పంపితే, వెంట్రుకలో పదివేలో వంతు సన్నటి కార్బన్ గొట్టాలు పచ్చిక మొలిచినట్టు మొలుస్తాయి. కంటికి కనిపించే వెలుగులో 99.5 శాతాన్ని అవి మింగేస్తాయని 2011లో ప్రకటించారు. మామూలు రంగు బాగా చల్లబడితే వెండిలా మెరుస్తుందట. అందుకే వాళ్లకి ఈ తంటా.

2014లో బ్రిటన్‌లోని సర్రే నానోసిస్టమ్స్ 'వాంటాబ్లాక్' తెచ్చింది. గరిష్ఠంగా 99.965 శాతం మింగుతుందన్నారు. అంటే లక్ష పాళ్ల వెలుగు పడితే వెనక్కొచ్చేది 35 పాళ్లే! ఆ పూత వేసిన చిన్న కెమెరా 2015 డిసెంబర్ 16న సింగపూర్ ఉపగ్రహం కెంట్‌రిడ్జ్-1తో పాటు పైకి వెళ్లింది. ఎక్కడినుంచో తెలుసా? మన శ్రీహరికోట నుంచి, పీఎస్‌ఎల్‌వీ-సి29 మీద! నక్షత్రాలని చూసి ఉపగ్రహం ఎటు తిరిగి ఉందో చెప్పడం ఆ కెమెరా పని.

చిత్రమేమిటంటే, రాకెట్ కుదుపులకి తట్టుకునే ఆ నలుపు వేలితో రాస్తే చెడిపోతుంది. షాపులో నేను వెల్వెట్‌ని నిమిరినట్టు దాన్ని నిమరడానికి వీల్లేదు.

ఇంతకీ ఏ నలుపు తీసుకున్నానంటారా? నలుపూ వద్దు, గొడవా వద్దని అంచు రంగులో ఎర్ర జాకెట్టు కుట్టించుకున్నాను. "నలుపే కదా" అని మాత్రం మా ఆడపడుచు మళ్లీ అనలేదు!