పెళ్లి కాని వాళ్ల ఆదివారం

ఆదివారం మధ్యాహ్నం. డల్లాస్ శివార్లలో, ఇర్వింగ్‌లోనో ప్లేనోలోనో ఒక అమెరికన్ చర్చి. పొద్దుటి ఇంగ్లిష్ ఆరాధన ముగిసి ఆ సంఘం వాళ్లు వెళ్లిపోయాక, అదే హాలును అద్దెకు తీసుకున్న తెలుగు సంఘం లోపలికి వస్తుంది. అందరికన్నా ముందు వచ్చేదెవరో చూడండి. మైకులు బిగించేవాళ్లు, కీబోర్డు మోసుకొచ్చేవాళ్లు, పాటలు తెర మీద పడేలా ల్యాప్‌టాప్ కలిపేవాళ్లు, యూట్యూబ్‌లో లైవ్ పెట్టేవాళ్లు. చాలాచోట్ల వీళ్లంతా పాతికేళ్లకు అటూఇటూగా ఉన్న, పెళ్లి కాని అబ్బాయిలూ అమ్మాయిలే. ఎమ్మెస్ చదువుతున్నవాళ్లు, చదువయ్యాక పనిచేసే అనుమతి ఓపీటీ మీద ఉన్నవాళ్లు, మొదటి ఉద్యోగంలో కుదురుకుంటున్నవాళ్లు. కుటుంబాలు పిల్లల్ని కార్లలోంచి దింపుకుని వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉంటుంది. ఆరాధన తర్వాత ప్రేమవిందు, అంటే అందరూ కలిసి చేసే భోజనం. అది కూడా అయ్యాక కుర్చీలు సర్ది, నేల తుడిచి, తాళం వేసి చివర బయటికొచ్చేదీ వాళ్లే.

ఇంత పని చేసేవాళ్లకు ఆ సంఘంలో ఉన్న చోటెంత? స్త్రీల సమాజం ఉంది, దంపతుల కూడిక ఉంది, పిల్లలకు సండే స్కూలు ఉంది. ఇరవై ఆరేళ్ల ఇంజినీరును, ముప్ఫై దాటిన నర్సును మాత్రం యూత్‌లో కలిపేస్తారు. ఆ యూత్‌లోనే పద్నాలుగేళ్ల హైస్కూలు పిల్లలూ ఉంటారు. సంఘం లెక్కలు చూసే కమిటీలో వీళ్లు అరుదు. పెళ్లయితే గానీ పెద్దవాళ్లుగా లెక్కలోకి రారు. అమెరికా తెలుగు సంఘాలు ఈ పద్ధతిని ఇకనైనా మార్చుకోవాలని నా నమ్మకం.

అమెరికాలో భారతీయ క్రైస్తవులు చిన్న గుంపేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో క్రైస్తవులు 2.3 శాతం. అమెరికాలోని భారతీయుల్లో 15 శాతం మంది తాము క్రైస్తవులమని చెప్పుకున్నట్టు ప్యూ రిసెర్చ్ సెంటర్ 2023లో ప్రకటించింది. గుంటూరు, ఒంగోలు, రాజమండ్రి, హైదరాబాద్ సంఘాల్లో పెరిగిన పిల్లలు ఆ 15 శాతంలో భాగం. వీళ్లకు అమెరికాతో బంధం వీసా స్టాంపుతో మొదలైంది కాదు. పెన్సిల్వేనియా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ దొర 1842లో గుంటూరులో అడుగుపెట్టాడు. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఏర్పాటు చేశాడు. తీవ్రమైన కరువు జనాన్ని ఈడ్చుకుపోయిన కాలం అది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కూలి పని ఇప్పించి ప్రాణాలు నిలిపిన మిషనరీ మాట ఆనాటి మాదిగ పల్లెలు విన్నాయి. ఆ పల్లెల మునిమనవలు కొందరు ఇవాళ టెక్సస్‌లో కోడ్ రాస్తున్నారు. పురుషోత్తమ చౌదరి కాలం నుంచి వస్తున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను వాళ్లు గిటార్ మీద పాడుతుంటే, అమెరికా నుంచి మనకు వచ్చినదానికి మనం ఎంత కలిపి తిరిగి తెచ్చామో తెలుస్తుంది.

వీళ్ల వారం ఎలా గడుస్తుందో చెప్పాలి. రెండు పడకగదుల అపార్ట్‌మెంట్‌లో నలుగురు. ఒకడిది తెనాలి, ఒకడిది వరంగల్, ఒకడు ముస్లిం, ఒకడు క్రైస్తవుడు. వంట వంతులవారీగా, సరుకుల ఖర్చు యాప్‌లో సమానంగా. క్రిస్మస్ రాత్రి క్యారల్ రౌండ్స్‌కు నలుగురూ వెళ్తారు. వినాయకచవితి ఉండ్రాళ్లు నలుగురూ తింటారు. టెక్సస్ విశ్వవిద్యాలయాల్లో బాప్టిస్టు విద్యార్థి సంఘాలు విదేశీ విద్యార్థులకు పెట్టే మధ్యాహ్న భోజనానికి కొత్తగా దిగిన తెలుగు పిల్లలు మతంతో పని లేకుండా వెళ్తారు. మొదటి సెమిస్టరులో పరుపు, బల్ల, వంటగిన్నెలు ఉచితంగా అందేది చాలామందికి ఇలాంటి చోటే. ఇంత మంచి స్నేహాలు కూడా ఉద్యోగం ఏ రాష్ట్రంలో వస్తే ఆ రాష్ట్రానికి చెదిరిపోతాయి. డెంటన్‌లో రెండేళ్లు ఒకే గిన్నెలో తిన్నవాళ్లు ఒకరు న్యూజెర్సీ, ఒకరు అర్కన్సా, ఒకరు మళ్లీ హైదరాబాద్. ఆ కుదుపు తర్వాత కొత్త ఊళ్లో మొదట వెతికేది తెలుగు చర్చినే.

శుక్రవారం రాత్రి జూమ్‌లో ప్రార్థన కూడిక. అక్కడ చెప్పే ప్రార్థన మనవులు వింటే ఈ తరం బతుకంతా తెలుస్తుంది. ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఒకరికి గడువు దగ్గరపడింది. మార్చిలో హెచ్1బీ ఉద్యోగ వీసాకు రిజిస్ట్రేషన్. ఏడాదికి 85,000 వీసాలే, పేరు లాటరీలో రావాలి. హెచ్1బీ మీద ఉన్న ఇంకొకరిని కంపెనీ తీసేసింది. 60 రోజుల్లో కొత్త యజమాని దొరకాలి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు ఎంతమందికి ఆ రాత్రి నిద్ర లేదో ఊహించవచ్చు. ఇంటి దగ్గర లక్షల్లో ఎమ్మెస్ అప్పు, చెల్లెలి ఫీజు, నాన్న మందులు. ఇవన్నీ మోసేవాణ్ణి పిల్లాడనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక ఇంటి ఫోను. వేసవిలో డల్లాస్‌కూ గుంటూరుకూ పదిన్నర గంటల తేడా. ఇక్కడ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర అయితే అక్కడ రాత్రి ఎనిమిది. “చర్చికెళ్తున్నావా నాన్నా? ఏం వండుకున్నావు?” అని అమ్మ అడుగుతుంది. మూడో ప్రశ్న, పెళ్లి గురించి, కాసేపాగి వస్తుంది. అడగడం ఆమె తప్పు కాదు. తను పోయాక బిడ్డకు తోడెవరని ఆమె దిగులు. ఆ దిగులును ఎలా పంచుకోవాలో ఎవరూ నేర్పలేదు, అందుకే అది సంబంధాల రూపంలో వస్తుంది. వాట్సాప్‌లో తిరిగే బయోడేటాల్లో లూథరన్, బాప్టిస్టు, సీఎస్‌ఐ, పెంతెకొస్తు, బ్రదరెన్ అని రాసి ఉంటుంది. కింద వీసా వివరం ఉంటుంది. చాలావాటిలో కులం కూడా ఉంటుంది. ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకునేవాళ్లు పెళ్లి దగ్గరికొచ్చేసరికి ఊళ్లోని పేటల లెక్కలు తీయడం నన్ను బాధపెడుతుంది. కులం పేరుతో ఊరవతల బతికిన పూర్వీకులకు ఆత్మగౌరవం కోసం దొరికిన మార్గం ఈ విశ్వాసం. వాళ్ల పిల్లలు ఏడు సముద్రాలు దాటొచ్చి కూడా ఆ గీతలు గీసుకోకూడదు. అపార్ట్‌మెంట్‌లో ఆ నలుగురూ ఆ గీతల్ని ఏనాడో చెరిపేశారు.

సంఘంలో మరో ఇబ్బంది. ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ కారు పార్కింగులో రెండుసార్లు నిలబడి మాట్లాడుకుంటే ఆ కబురు వాళ్లకన్నా ముందే రాజమండ్రికి చేరుతుంది. దాంతో వాళ్లు ఆ పరిచయాన్ని చర్చికి దూరంగా, ఎవరికీ తెలియని చోట కొనసాగిస్తారు. పెద్దల కళ్లముందు, ధైర్యంగా, మర్యాదగా ఎదగాల్సిన స్నేహం చాటుమాటు వ్యవహారం అవుతుంది. అమ్మాయిల మీద ఈ బరువు రెండింతలు. ముప్ఫై దాటిన అమ్మాయి ఒక్కో ప్రేమవిందులో ఎంతమంది ఆంటీలకు జవాబు చెప్పుకోవాలో ఆలోచిస్తే, ఆమె నెమ్మదిగా రావడం మానేయడంలో ఆశ్చర్యం లేదు.

అమెరికాలో పెళ్లి కాని యువతకంటూ విడిగా సంఘాలు నడిపే చర్చి ఒకటుంది. సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా ఉన్న ఎల్‌డీఎస్ చర్చి. మోర్మన్లంటే ఎక్కువమందికి తెలుస్తుంది. సిద్ధాంతంలో మన బాప్టిస్టు, లూథరన్ సంఘాలకూ వాళ్లకూ చాలా దూరం. ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు. తెలుగువాళ్లకు అదేమీ కొత్త పేరూ కాదు. సమోవాలో ఉద్యోగం చేస్తూ ఆ చర్చిలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాద్ వచ్చి బంధువర్గంలో 22 మందిని ఆ విశ్వాసంలోకి తెచ్చారు. భారతదేశంలో ఆ చర్చి మొదటి ‘స్టేక్’ (కొన్ని సంఘాల సముదాయం) 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే.

బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం ఉన్న ప్రోవోలోనూ, యూటాలోని ఇతర పట్టణాల్లోనూ పద్ధతి ఇలా ఉంటుంది. 18 దాటిన అవివాహితులకు ప్రత్యేక వార్డులు, అంటే స్థానిక సంఘాలు. ఇదివరకు 30 ఏళ్ల వరకే, ఇప్పుడు 35 వరకు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక బాధ్యత అప్పగిస్తారు. ఒకరు పాఠం చెప్పాలి, ఒకరు రికార్డులు రాయాలి, ఒకరు సంగీతం చూడాలి. బిషప్పు, ఆయన సలహాదారులు తప్ప దాదాపు మొత్తం సంఘాన్ని నడిపేది ఆ యువతే. ఒక రాత్రి కుటుంబమంతా కలిసి కూర్చునే అలవాటు ఆ చర్చిలో 1915లో మొదలైంది, తర్వాత దానికి సోమవారం రాత్రి కుదిరింది. ఇంటికి దూరంగా ఉన్న విద్యార్థుల కోసం కొన్ని అపార్ట్‌మెంట్ల వాళ్లను కలిపి ఒక కుటుంబంగా ఏర్పాటు చేస్తారు. వండుకోవడం, ఆడుకోవడం, ప్రార్థించుకోవడం ఆ గుంపులోనే. ఎవరైనా రెండు సోమవారాలు రాకపోతే తలుపు తట్టే మనిషి ఉంటాడు.

ఆ పద్ధతిలో లోటు లేకపోలేదు. ఆ వార్డుల్లో పెళ్లి ఒత్తిడి మన ప్రేమవిందులకు తీసిపోదు. వయసు పరిమితి దాటిన రోజున స్నేహితులందరినీ వదిలి కుటుంబాల వార్డుకు మారాలి. అక్కడ మళ్లీ కొత్త ముఖం. పైగా ఒకే వయసు వాళ్లు మాత్రమే ఉండే గుడిలో ముసలివాళ్ల దగ్గు ఉండదు, పసిపిల్లల ఏడుపు ఉండదు. అవి లేని సంఘం నాకు సగం సంఘంలా అనిపిస్తుంది. అన్నిటికన్నా గమనించాల్సిన మాట 2021 ఏప్రిల్ మహాసభలో ఆ చర్చి అపొస్తలుడు రసెల్ బల్లార్డ్ చెప్పాడు: పెద్దవాళ్లైన సభ్యుల్లో సగానికి మించి పెళ్లి కానివాళ్లు, విడిపోయినవాళ్లు, జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్లు అని. కుటుంబాన్ని అంతగా నెత్తిన పెట్టుకున్న చర్చిలోనే ఆ లెక్క అయితే, మిగతా సంఘాలు ఎవరిని ఉద్దేశించి ప్రసంగిస్తున్నాయో ఒకసారి చూసుకోవాలి.

నాకు మోర్మన్ల ప్రత్యేక వార్డు వద్దు. వాళ్లు ఇచ్చే బాధ్యత కావాలి. అమెరికా సర్జన్ జనరల్‌గా ఉండగా వివేక్ మూర్తి 2023లో ఒంటరితనంపై ఇచ్చిన సూచన పత్రంలో ఒక అంకె ఉంది. 15-24 ఏళ్ల వాళ్లు స్నేహితులతో ముఖాముఖి గడిపే సమయం 2003లో రోజుకు 150 నిమిషాలు. 2020కి అది 40 నిమిషాలు. గ్యాలప్ లెక్కలో 1999లో 70 శాతంగా ఉన్న అమెరికన్ల చర్చి సభ్యత్వం 2020 నాటికి 47 శాతానికి పడింది. ఇలాంటి దేశంలో, తాతయ్యల నుంచి చంటిపిల్లల దాకా వారం వారం ఒకే పంక్తిలో కూర్చుని తినే తెలుగు సంఘం ఎంత గొప్ప ఆస్తో మనకే సరిగా తెలియదు.

ఆ ఆస్తి విలువ బయటపడే సందర్భం ఒకటుంది. ఇండియాలో తండ్రి పోయాడని అర్ధరాత్రి ఫోను వస్తుంది. వీసా స్టాంపింగ్ చిక్కుల వల్ల వెళ్తే తిరిగి రావడం అనుమానం. కొడుకు వెళ్లలేడు. సమాధి కార్యక్రమం ఫోన్ తెర మీద లైవ్‌లో చూడాలి. ఆ రాత్రి అపార్ట్‌మెంట్‌కు వచ్చేదెవరు? రూమ్మేట్లు ఉంటారు, ఏడుస్తారు, ఏం చేయాలో తెలియక నిలబడతారు. కాసేపటికి సంఘం అంకుల్ ఒకాయన తలుపు తీసుకుని వస్తాడు. వెనక ఆంటీ చారన్నం పట్టుకుని వస్తుంది. పాస్టర్ గారు వస్తారు. కీర్తనల పుస్తకం తెరిచి, ఊళ్లో ఏ పాట పాడుతున్నారో అదే పాట ఇక్కడా ఎత్తుకుంటారు. తండ్రి శవపేటికకు భుజం పట్టలేకపోయిన కొడుకు భుజం చుట్టూ ఒక పెద్దాయన చెయ్యి ఉంటుంది. ఒకే వయసు వాళ్ల గుంపు ఎంత ప్రేమగలదైనా ఈ పని ఇలా చేయలేదు.

అంత కష్టంలో పక్కన నిలబడగల సంఘం, మామూలు ఆదివారాల్లో ఆ కుర్రాడితో సమానంగా ఎందుకు కూర్చోలేకపోతోంది? అవివాహితుల సేవను తలకెత్తుకోవడం తెలుగు క్రైస్తవులకు కొత్త కాదు. పెన్సిల్వేనియాలో పుట్టిన డాక్టర్ ఆనా కుగ్లర్ 1883లో, ఇరవై ఏడేళ్ల వయసులో, పెళ్లి కాకుండా గుంటూరు వచ్చింది. ఆమెను పంపిన సంస్థ మొదట వైద్యానికి సిద్ధంగా లేదు, అయినా ఆమె రోగుల్ని చూడటం ఆపలేదు. ఆసుపత్రి కట్టించింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఇప్పటికీ జనం ఆ ఆసుపత్రిని కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. ఆమె జీవితం ఎవరికోసమో ఆగి ఉన్నదని గుంటూరులో ఎవరూ అనుకోరు. మరి ఆమె పేరు తలుచుకుని పెరిగిన ఇళ్లల్లోని ఆడపిల్ల డల్లాస్‌లో పెళ్లి లేకుండా ఉంటే, ఆమె జీవితం ఇంకా మొదలే కానట్టు చూస్తున్నాం.

సంఘ పెద్దలు చేయగలిగినవి ఎన్నో ఉన్నాయి. లెక్కలు చూసే కమిటీలో ఇద్దరు అవివాహితులకు చోటివ్వండి. బ్యాంకుల్లో కోట్ల లెక్కలు చూసేవాళ్లకు కానుకల లెక్క అప్పగించడానికి భయమెందుకు? పద్నాలుగేళ్ల పిల్లల్నీ ముప్ఫై ఏళ్ల వాళ్లనీ విడదీయండి. నెలకోసారి ప్రసంగం వాళ్లతో చెప్పించండి, అది దంపతుల కూడికలో అయినా సరే. అపొస్తలుడైన పౌలు పెళ్లి లేకుండానే సంఘాలు కట్టాడని పాఠంలో చెప్తారు కదా, ప్రేమవిందు దగ్గర కూడా గుర్తుంచుకోండి.

ఇంకొకటి తొందరగా చేయదగ్గది. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. చాలామందికి నాలుగు రోజుల సెలవు. కుటుంబాలు కుటుంబాల ఇళ్లకు వెళ్తాయి. అపార్ట్‌మెంట్లలో మిగిలేది పెళ్లి కానివాళ్లే. ఈసారి వాళ్లను భోజనానికి పిలిచి సోఫాలో కూర్చోబెట్టకండి. రెండు రోజుల ముందే ఫోన్ చేసి, “బాబూ, బిర్యానీ నువ్వే చేస్తున్నావు, సరుకులేం కావాలో చెప్పు” అనండి. వాడి వరంగల్ రూమ్మేట్‌నూ రమ్మనండి. అమ్మాయిలుంటే గిన్నెలు కడిగే పని వాళ్లకే వదిలేయకండి. పెళ్లి మాట ఆ నాలుగు రోజులూ ఎత్తకండి.